‘కదా’ మానడానికి ఏడున్నర నెలలు

మొదలైంది జూన్ 16, 2025 సోమవారం, అయిపోయింది ఫిబ్రవరి 2, 2026న. అనంతపురంలో ఒక చిన్న గది, ఆరుగురం. నలుగురం సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాళ్లం, ఇద్దరు ఊళ్లు తిరిగి సమాచారం రాసుకొచ్చే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. నేర్పినాయన పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు, ఇక్కడ సార్ అనే అంటాను. నేర్పాలనుకున్నది ఒక్కటే. ఎదుటివాళ్ల బతుకు గురించి రాస్తున్నప్పుడు ఆ రాతలో మన చెయ్యి ఎక్కడ పడిందో మనమే పట్టుకోవడం, అదీ రాసేశాక కాకుండా రాస్తూండగానే. చదువుకున్నవాళ్లు దీన్ని రిఫ్లెక్సివిటీ అంటారు. ఈ అలవాటు మనిషిలో నాటితే నాటుకుంటుందా అన్నది ఎప్పటినుంచో ఉన్న తగాదా. ఇలాంటిదాంట్లో చేరదామనుకునేవాళ్లకు లోపల ఏం జరుగుతుందో, ఎన్ని రోజులు ఖాళీగా కూర్చోవాలో, ఏవి పనిచేయవో తెలిస్తే మంచిదని వరసగా రాస్తున్నా.

మొదటి నాలుగు రోజులు చదువే. 1970లో అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు ఆల్విన్ గోల్డ్‌నర్ తన తోటి సమాజశాస్త్రజ్ఞులు ముందు తమ నమ్మకాలను తాము జల్లెడ పట్టుకోవాలని అడిగిన దగ్గర్నుంచి, ఫ్రెంచ్ సమాజశాస్త్రజ్ఞుడు పియర్ బోర్ద్యూ 2000-01లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో చెప్పిన చివరి పాఠాల దాకా. మన చూపును వంకర చేసే మచ్చల్లో బోర్ద్యూ పట్టుకోమన్నవి మూడు. మనం పుట్టిన చోటు వల్ల వచ్చేది ఒకటి, విద్యారంగంలో మనం నిలబడ్డ మెట్టు వల్ల వచ్చేది ఇంకొకటి. మూడోది అందరికంటే మొండిది. తీరిగ్గా కూర్చుని ఆలోచించడం మన ఉద్యోగం కాబట్టి ఊళ్లో అందరూ అలాగే ఆలోచించి, బేరీజు వేసుకుని బతుకుతున్నారనుకోవడం. చివరి పాఠాల్లో ఆయన ఇంకో మాటన్నాడు: ఈ చూపు రిఫ్లెక్స్ అయిపోవాలి. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు దానంతటది లేస్తుందే, అలాగన్నమాట. పనయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే చాలదు, పని చేసే చేతిలోనే అది ఉండాలి.

వినడానికి బాగానే ఉంది. ఐదో రోజు, జూన్ 20న, సార్ మమ్మల్ని ఒక పేజీ రాయమన్నారు: ‘నేనెవరిని, నా స్థానం నా పరిశోధన మీద ఎలా పడుతుంది’. ఆరుగురం కులం, లింగం, పట్నం, ఇంగ్లీషు మీడియం ఏదీ దాచకుండా చక్కగా రాసిచ్చాం. ఆయన ఆ కాగితాలు కవర్లో పెట్టి అంటించి, “ఇది రాశాక మీ ప్రశ్నాపత్రంలో ఒక్క ప్రశ్న మారిందా?” అన్నారు. ఎవరిదీ మారలేదు. “ఇవి ఫిబ్రవరిలో ఇస్తా. అందాకా ఈ గదిలో మీ బాల్యం నాకొద్దు, మీ ప్రశ్న చూపించండి.” ఆ రోజు నుంచి సొంత కథలు బంద్. ఇది శిక్షణలో అన్నిటికంటే చికాకు పెట్టిన నియమం, ఎక్కువ పనికొచ్చిందీ ఇదే. ఒప్పేసుకుంటే మనసు తేలికపడుతుంది. తేలికపడ్డ మనసు ఇక ప్రశ్న జోలికి పోదు.

తర్వాత ఎదురుచూపు. మనుషులతో మాట్లాడే పరిశోధనకు నైతిక కమిటీ అనుమతి కావాలి. దరఖాస్తు ఇచ్చింది జూన్ 20న, కాగితం చేతికొచ్చింది జూలై 14న. ఇరవై నాలుగు రోజులు. ఈలోగా వేరుశనగ వేసే కాలం నడుస్తోంది, మేము గదిలో ఉన్నాం. ఆ రోజుల్లో చేసిన పని ప్రశ్నాపత్రాన్ని కోసి చూడటం. మా అంశం అనంతపురం పక్కన కూడేరు దాటాక ఉన్న ఒక ఊళ్లో వేరుశనగ రైతుల అప్పులు, బెంగళూరు వలసలు. నా ప్రశ్నలు 46. ఒక్కో ప్రశ్న పక్కన ‘ఈ ప్రశ్న దేన్ని ముందే నిజమనుకుంటోంది?’ అని ఒక గడి గీసి నింపాలి. రోజుకు పది కూడా సాగలేదు.

రెండు ఉదాహరణలు చెప్తా. ‘కుటుంబం’ అంటే సెన్సస్‌లోనూ జాతీయ నమూనా సర్వేలోనూ కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. నేనూ అదే దించేశాను. ఇక్కడ ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటాయి. కొడుకూ కోడలూ ఐదు నెలలు బెంగళూరులో, పిల్లలు అవ్వ దగ్గర, పొలం ఇంకా తండ్రి పేరు మీదే. ముందు పొయ్యి గురించి అడిగితే రెండు కుటుంబాలు, ముందు పొలం గురించి అడిగితే ఒకటి. అప్పును కుటుంబాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె నేను అడిగిన వరసని బట్టి సగమో రెట్టింపో అవుతుంది. రెండోది ఆడవాళ్ల పని. సర్వేలో ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92, ఇంటిపనితో పాటు కట్టెలు తేవడం, కుట్టుకోవడం లాంటివి చేసుకునేవాళ్లకు 93 కోడు. “ఏం పని చేస్తావమ్మా?” అంటే “ఏం లేదు, ఇంట్లోనే” అంటారు, మనం 92 వేస్తాం. అలా అన్నామె పొద్దున బర్రెకు గడ్డి కోసుకొచ్చి, మధ్యాహ్నం విత్తనాల కోసం కాయలు వలచి, సాయంత్రం కలుపుకు పోయొచ్చి ఉంటుంది. ‘పని’ అనే మాట దగ్గరే ప్రశ్న చెడింది. దాన్ని తీసేసి “నిన్న పొద్దున లేచినప్పటినుంచి చెప్పు” అని మార్చాం. 46లో మిగిలినవి 19.

జూలై 16న మొదటిసారి ఊరికి పోయాం. అక్కడ వాడేవి నాలుగు పనిముట్లు. ఒక్కోటి ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ మొండికేసిందో చెప్తా.

మొదటిది కాళ్ల పటం. సాయంత్రం ఊరి పటం గీసి, ఆ రోజు ఎక్కడెక్కడ ఆగామో, ఎంతసేపో, దేని మీద కూర్చున్నామో రాయాలి. ప్లాస్టిక్ కుర్చీయా, మంచమా, అరుగా, నేలా? నీళ్లిచ్చారా, తాగామా? మూడు రోజులకు ఆరుగురి పటాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. బస్సు ఆగే చోటు, దేవళం, రచ్చకట్ట, రైతు సేవా కేంద్రం, మళ్లీ బస్సు. ఎస్సీ కాలనీలో ఆరుగురికీ కలిపి మూడు రోజుల్లో 40 నిమిషాలు. పోకూడదని ఎవరూ అనుకోలేదు. బస్సు దిగిన చోట నీడ ఉంది, కుర్చీ వేశారు, కూర్చున్నాం, అంతే. 1948లో మైసూరు దగ్గర రాంపురలో సమాజశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్ ఊరి పెద్ద ఇచ్చిన చోట బస చేశారు, ఊరు పైకులాల వైపు నుంచే తనకు ఎక్కువగా కనపడిందని తర్వాత ఆయనే రాసుకున్నారు. అది చదివి తలూపినవాళ్లమే మేమంతా. చదివింది కాళ్లకు ఎక్కలేదు. పటం చేతికొచ్చాకే మర్నాడు ఊరి అవతలి కొసన దిగి కాలనీ నుంచి మొదలుపెట్టాం. అప్పుడు తెలిసిన ఇంకో సంగతి: కాలనీ నుంచి మొదలుపెట్టిన రోజు పై వీధిలో కుర్చీ రాలేదు. ఇది కూడా సమాచారమే, కుడి పేజీలో రాయాల్సిందే.

కుడి పేజీ అన్నాను కాబట్టి నోట్‌బుక్ సంగతి. అదే రెండోది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. కుడి పేజీలో చూసింది, విన్నది. ఎడమ పేజీలో సరిగ్గా ఆ క్షణంలో నేను చేసింది. చదివితే సులభంగా ఉంటుంది కానీ పది రోజుల్లోనే ఎడమ పేజీ డైరీ అయిపోయింది. ‘బాధనిపించింది’, ‘సిగ్గనిపించింది’, ‘నా పట్నపు చూపు గుర్తుకొచ్చింది’. సార్ చదివి ‘అనిపించింది’ అనే మాటనే నిషేధించారు. ఎడమ పేజీలో ప్రతి వాక్యం చేసిన పనితో ముగియాలి: అడిగాను, ఆపాను, నవ్వాను, ఫోను చూశాను, అప్పు మాట రాగానే పెన్ను తీశాను. ఆ చివరిది మా అందరి పేజీల్లోనూ ఉంది. అవతలివాళ్లు అప్పు మాటెత్తగానే పెన్ను తీస్తాం. వాళ్లు పెన్ను చూస్తారు, అంకె మారుతుంది. ఎడమ పేజీ లేకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మందు చాలా చిన్నది. ముందు నుంచీ పెన్ను చేతిలోనే ఉంచుకుని, వాన గురించి చెప్పినా రాస్తూ ఉండటం.

కుడి పేజీకి ఇంకో నియమం ఉంది, అది మన భాష ఇచ్చిన వరం. వినికిడి మాటకు తెలుగులో ‘అంట’ ఉంది. “మేస్త్రి 20 వేలు అడ్వాన్సు ఇచ్చినాడంట.” ఇది ఆయన చూసింది కాదు, విన్నది. నోట్‌బుక్‌లో ‘అంట’ ఉంటుంది. సాయంత్రం కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ‘ఇచ్చాడని చెప్పారు’ అవుతుంది, అధ్యాయంలోకి వచ్చేసరికి ‘మేస్త్రీలు 20 వేలు అడ్వాన్సు ఇస్తున్నారు’. మూడు రాతల్లో ఒక పుకారు వాస్తవమైపోయింది. ఎవరూ అబద్ధం రాయలేదు. అందుకని ఎర్ర పెన్నుతో ప్రతి ‘అంట’ చుట్టూ సున్నా చుట్టి, మూడో రాతలో అది ఉందో లేదో వెతకాలి. మొదటి నెల నావి 58 ‘అంట’లు, మూడో రాతకు బతికి చేరినవి 9.

మూడోది కవరు. ఇంటర్వ్యూకు పోయే ముందు వాళ్లు చెప్తారని మనమనుకునే మూడు జవాబులు రాసి, తేదీ వేసి, కవర్లో పెట్టి అంటించాలి. ఇంటర్వ్యూ అయ్యాక అదే రోజు విప్పాలి. మూడూ సరిపోతే సంతోషించకూడదు, మనం అనుకున్నదే విని వచ్చామేమోనని రికార్డింగ్ మళ్లీ వినాలి. ఈ పనిముట్టును మొదటి రెండు వారాలు మేమే చెడగొట్టాం. తప్పకూడదని ‘కష్టాలు చెప్తారు’, ‘వానలు లేవంటారు’ అని రాశాం. అనంతపురంలో ఏ ఇంటికి పోయినా అవి తప్పవు. అప్పట్నుంచి ప్రతి ఊహలో ఒక అంకెగానీ ఒక మనిషిగానీ ఉండాలన్నారు. ‘అప్పు బంగారం పెట్టి తెచ్చారు, లక్ష లోపు.’ ‘వలస మాట మొదట ఎత్తేది కొడుకు.’ అప్పుడు కవర్లు తప్పడం మొదలైంది, తప్పిన చోటల్లా ఏదో ఒకటి దొరికింది.

నేను ప్రతి కవర్లోనూ ఏదో ఒక రూపంలో ‘వలస పోవాలని ఎందుకు నిర్ణయించుకున్నారో చెప్తారు’ అని రాస్తూ వచ్చాను. ఒకాయన జవాబు ఇది: “నిర్ణయమేముండాది మేడం, మేస్త్రి బండి తెచ్చినాడు, ఎక్కినాం.” నేను మళ్లీ అడిగాను, అంటే వేరే దారులు కూడా ఆలోచించారా అని. ఆయన పాపం నా కోసం రెండు దారులు ఆలోచించి చెప్పాడు. రికార్డింగ్‌లో అది స్పష్టంగా వినిపిస్తుంది. ఆ రెండు దారులూ ఆయన జీవితంలో లేవు, నా ప్రశ్నలో ఉన్నాయి. బోర్ద్యూ చెప్పిన మూడో మచ్చ అంటే ఇదేనని నాకు ఆ కవరు విప్పినప్పుడు తెలిసింది. జూన్‌లో నేను దాని మీద రెండు పేజీల సారాంశం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నాలుగోది, అన్నిటికంటే శ్రమ ఉన్నది, ట్రాన్స్‌క్రిప్టు. గంట రికార్డింగ్ తెలుగులో టైపు చేయడానికి నాకు ఏడు గంటలు పట్టింది. ఫోనులో వాయిస్ టైపింగ్ పెడితే మూడు గంటల్లో అవుతుంది కానీ అది ‘వస్తాండాడు’ని ‘వస్తున్నాడు’ చేసేస్తుంది, ‘యాడికి’ని ‘ఎక్కడికి’. ఇందులో ఇంకో మోసముంది, అది మిషన్‌ది కాదు. చేత్తో టైపు చేసినవాటిని పోల్చి చూస్తే, పదెకరాల రైతు మాటల్ని నేను తెలియకుండానే పుస్తకాల తెలుగులోకి దిద్దాను. కూలికి పోయే ఆమె మాటల్ని మాత్రం ‘చేస్తాండాం’, ‘పోతాండాం’ అని యాసతో సహా ఉంచాను. ఇద్దరూ మాట్లాడేది ఒకటే యాస. అచ్చులో ఒకరు అభిప్రాయం చెప్పినట్టు, ఇంకొకరు వాపోయినట్టు కనపడతారు. ఇది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. (అనిపించింది అనలేదు, గమనించగలరు.)

ట్రాన్స్‌క్రిప్టులో లెక్క పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. ‘కదా’ ఎన్నిసార్లు అన్నాం? “పంట పోయింది కదా, అప్పుడు అప్పు చేశారు కదా?” అందులో ప్రశ్న ఎక్కడా లేదు, సంతకం అడుగుతున్నామంతే. జూలైలో నా 52 నిమిషాల మొదటి రికార్డింగ్‌లో ‘కదా’లు 31. రెండోది మౌనం. వాళ్లు ఆగాక మనం మళ్లీ మాట్లాడేదాకా ఎన్ని సెకన్లు? ఐదు వరకు మనసులో లెక్కపెట్టమన్నారు. నాది రెండు కూడా దాటలేదు. ఐదు సెకన్లు కాగితం మీద ఏమీ లేదు గానీ, ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు చెమటలు పడతాయి. అసలు మాట చాలాసార్లు నాలుగో సెకను తర్వాతే వచ్చింది.

మూడోది ఎవరిని ‘నువ్వు’ అన్నాం, ఎవరిని ‘మీరు’ అన్నాం. ఇక్కడ పద్ధతే ఒకసారి తప్పింది. సార్ మొదట ‘నువ్వు’ అన్న ప్రతిచోటా తప్పు గీత గీయమన్నారు. మా పక్క అమ్మను, అన్నను, ఊరి పెద్దాయన్ను కూడా ‘నువ్వు’ అంటాం, వాళ్లూ “ఏం మేడం, మళ్లా వచ్చినావా, రొంత కూర్చో” అంటారు. అది అమర్యాద కాదు. కోస్తా నుంచి వచ్చిన ఇన్వెస్టిగేటరు అందరినీ ‘మీరు’ అంటే ఎవరో ఆఫీసరనుకుని మాట తగ్గించారు. కాబట్టి ‘నువ్వు’ ఒక్కటే లెక్క కాదు, దాని పక్కనున్న వరస చూడాలి. “నువ్వు చెప్పు పెద్దాయనా” వేరు, ఏ పిలుపూ లేని ఉత్త “నువ్వు చెప్పు” వేరు. ఇలా దిద్దుకుని మళ్లీ లెక్కపెడితే నా రికార్డింగుల్లో పిలుపు లేని ‘నువ్వు’లు దాదాపు అన్నీ కాలనీలోనే ఉన్నాయి. వయసులో నాకంటే పెద్దవాళ్ల దగ్గర కూడా. దీని గురించి జూన్ కాగితంలో నేను రాసింది: ‘నేను అందరితో గౌరవంగా ఉంటాను.’

ఇంకో సంగతి శిక్షణలో లేదు, ఊరు నేర్పింది. ఎవరింటికి పోయినా మొదటి మాట “ఏ స్కీముకు మేడం?” వాలంటీర్లు వచ్చారు, పంట నమోదు చేసే ఈ-క్రాప్ వాళ్లు వచ్చారు, బ్యాంకు వాళ్లు వచ్చారు. కాగితం పట్టుకుని వచ్చే ప్రతి మనిషికీ ఒక స్కీము ఉండాలి. స్కీము అనుకుంటే అప్పు పెరుగుతుంది, బ్యాంకు అనుకుంటే తగ్గుతుంది. పైగా మా సమ్మతి పత్రంలో కింద వేలిముద్ర గడి. వేలిముద్ర అంటే ఈ ఊళ్లో అప్పు కాగితమే. ఒకామె ముద్ర వేయనని లేచి వెళ్లిపోయింది. కమిటీకి రాసి, నోటి సమ్మతిని రికార్డింగ్‌లో తీసుకోవడానికి ఒప్పించాం. దానికి ఇంకో 11 రోజులు. నాకైతే ‘నా స్థానం’ అనే పేజీని మనం రాయకూడదు, వాళ్లు అడిగే మొదటి ప్రశ్నను ఉన్నదున్నట్టు అందులో పెట్టాలి. మనమెవరమో వాళ్లు అప్పటికే తేల్చేసుకుని ఉంటారు, జవాబులన్నీ ఆ లెక్క ప్రకారమే వస్తాయి.

ఖర్చులు. నోట్‌బుకులు ఆరు, 510 రూపాయలు. కవర్లు 100కి 120. జెరాక్స్ 640 పేజీలు, పేజీకి రెండు చొప్పున 1,280. ఇయర్‌ఫోన్లు 450, చవకవి కొంటే ‘అంట’ వినపడదు. బస్సుకు తొమ్మిది రాకపోకలు, 630. ఆగస్టు 15 తర్వాత ఆడవాళ్లకు పల్లెవెలుగులో ఛార్జీ లేదు కాబట్టి అక్కడితో ఆగింది. మొత్తం 2,990. టీలు, ఉగ్గాని లెక్కలో లేవు. డబ్బు కంటే గంటలు ఎక్కువ. 14 ఇంటర్వ్యూల టైపింగే వంద గంటలు దాటింది. ఉచిత బస్సు వల్ల చిన్న మార్పు ఒకటి వచ్చింది. అప్పటిదాకా ఆరింటి తర్వాత ఆటో ఉండదని ఐదుకే బయలుదేరేదాన్ని, మిగతా ఇద్దరు ఆడవాళ్లూ అంతే. బస్సులో ఊరి ఆడవాళ్లు పెరిగాక చివరి బస్సు దాకా ఉండటం మొదలైంది. పొలం నుంచి వచ్చేవాళ్లు అప్పుడే దొరుకుతారు. అంతకుముందు నా నమూనాలో మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లే ఉన్నారన్న సంగతి అప్పుడు తట్టింది. ఇంత పటం గీసినా గడియారం గీయలేదు.

ఆగస్టు చివరికి ‘కదా’లు 11కి దిగాయి. సెప్టెంబరులో అలాగే ఉన్నాయి. నేర్చేసుకున్నామనుకున్నాం. అక్టోబరు నెలాఖరులో శెనక్కాయ పెరికే పని మొదలైంది. ఎవరికీ తీరిక లేదు, రాత్రి ఏడు తర్వాత అరగంట దొరికితే గొప్ప. ఆ వారం రికార్డింగ్‌లో నావి 27. మౌనం మళ్లీ రెండు సెకన్లు. కవర్లు రాయడం రెండు రోజులు మర్చిపోయాను. అంటే అలవాటు తీరికగా ఉన్నప్పుడు ఉంది, తొందరలో పాతది తన్నుకొచ్చింది. ఇది నన్ను కుంగదీసింది. తోటి ఇన్వెస్టిగేటరు ఒకాయన మాత్రం అసలు జారలేదు. ఆయనకు పుస్తకాలు తెలియవు, బోర్ద్యూ పేరు పలకడం కూడా ఇష్టం లేదు. పదేళ్లుగా ఫారాలు నింపి, సూపర్‌వైజర్లు వెనక్కి పంపితే మళ్లీ అదే ఇంటికి పోయి తల దించుకుని అడిగిన మనిషి. తప్పు ఖరీదు ఆయన కాళ్లకు తెలుసు. సిద్ధాంతం బాగా వచ్చిన ఇద్దరం అందరికంటే ఎక్కువ జారాం. ఆరుగురితో సిద్ధాంతం కట్టకూడదని తెలుసు, అయినా ఇది రాయకుండా ఉండలేను.

నవంబరు 3 నుంచి మార్పిడి. నా ట్రాన్స్‌క్రిప్టు నేను దిద్దుకోకూడదు, పేరు తీసేసి ఇంకొకరికివ్వాలి. మొదటిసారి అందరం మర్యాదకు పోయి మెత్తగా దిద్దాం, పనికిరాలేదు. రెండోసారి ప్రతి పేజీకి కనీసం మూడు గీతలు తప్పనిసరి అన్నారు. అప్పుడు లెక్క కోసం అక్కర్లేనివాటికీ గీతలు పడ్డాయి. మూడోసారికి కుదిరింది. గీత గీసినవాళ్లు అక్కడ తామైతే ఏం అడిగేవాళ్లో పక్కన రాయాలి. రాయలేకపోతే గీత చెరపాలి. నా ‘నువ్వు’ సంగతి పట్టుకున్నది నేను కాదు, కాలనీ నుంచే వచ్చి చదువుకున్న తోటి పరిశోధకురాలు. పిలుపు లేని ప్రతి ‘నువ్వు’ పక్కన ఆమె ఏ వ్యాఖ్యా లేకుండా ‘పెద్దమ్మా’ అని రాసుకుంటూ పోయింది. ఇలాంటిది ఒంటరిగా కూర్చుని ఎన్నేళ్లు ఆత్మపరిశీలన చేసుకున్నా దొరకదు. ఆరుగురం ఒకేచోట పుట్టినవాళ్లమై ఉంటే ఆరు నోట్‌బుకులూ ఒకే తప్పు చేసి ఒకరికొకరు మంచి మార్కులేసుకునేవి. వేరే చదువువాళ్లు కూడా ఉంటే మేలు. 1955లో అచ్చయిన, హైదరాబాద్ దగ్గరి షామీర్‌పేట ఊరి అధ్యయనానికి మానవశాస్త్రజ్ఞుడు ఎస్.సి. దూబే వెంట వ్యవసాయం, వైద్యం, పశువైద్యం తెలిసినవాళ్లు ఉన్నారు. మాకు అలాంటివాళ్లు లేరు. ‘విత్తనం ఖర్చెంత’ అన్న ప్రశ్నకు కొన్న విత్తనం, ఇంట్లో దాచిన కె-6 రకం వేరుశనగ కాయ ఒకే లెక్కలో పడ్డాయని రైతే చెప్తే తెలిసింది, అదీ పదో ఇంటర్వ్యూలో.

డిసెంబరు 8న తరగతులు ఆపేశారు. ఆరు వారాల సెలవన్నారు, ఎనిమిది వారాలైంది. పనిముట్లు వాడమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఫిబ్రవరి 2న పిలిచి, వేరే ఊళ్లో, వేరే అంశం మీద, ముందు చెప్పకుండా ఒక ఇంటర్వ్యూ చేయించారు. పరీక్ష అని అప్పుడు తెలియలేదు. ఫలితాలు ఉన్నదున్నట్టు: 45 నిమిషాల్లో ‘కదా’లు 14. మౌనం నాలుగు సెకన్లు. రాతలో ‘అంట’లు 12లో 11 బతికాయి, ఇది బాగా నాటుకుంది. ఇప్పుడు పేపరు చదువుతున్నా ‘అంట’ ఎక్కడ రాలిపోయిందా అని వెతుక్కుంటున్నాను. పెన్ను మొదటినుంచీ చేతిలోనే ఉంది. కవరు నలుగురం రాయలేదు, చెప్పలేదు కాబట్టి. కాళ్ల పటం ఆ సాయంత్రం గీయిస్తే ఆరుగురం మళ్లీ బస్సు దిగిన చోటి నుంచే మొదలుపెట్టాం. పిలుపు లేని ‘నువ్వు’లు నావి మూడు. ఆ మూడూ ఇంట్లో గిన్నెలు కడుగుతున్న ఆమెతో, గృహస్థుడితో ఒక్కటీ లేదు.

నాకు అర్థమైనంతలో నోటికి, చేతికి సంబంధించినవి త్వరగా పట్టుబడతాయి, మూడు నాలుగు నెలల్లో. ఒక మాట ఉందా లేదా అని లెక్కపెట్టగలిగితే అది దారికొస్తుంది. ఎవరి దగ్గర ఒళ్లు వంగుతుంది, ఎవరి దగ్గర వంగదు అన్నవి ఏడు నెలలకు లొంగలేదు, అవి పక్కవాళ్ల ఎర్ర పెన్ను ఉన్నంతసేపే అదుపులో ఉన్నాయి. ప్రశ్నను ఎవరు రాయించారు, డబ్బెవరిది, అప్పుల మీదే ఎందుకు, అప్పులిచ్చేవాళ్ల మీద ఎందుకు కాదు అన్న పై మెట్టు మచ్చల జోలికి మా శిక్షణ దాదాపు పోలేదు. సార్‌ను అడిగాను. “అది ఆరుగురితో అయ్యేది కాదు” అన్నారు. నాకు ఆ జవాబు చాలలేదు.

సాయంత్రం జూన్ కవర్లు ఇచ్చేశారు. నా పేజీ చదివాను. అందులో రాసినవేవీ తప్పు కాదు. ఏడు నెలల్లో పట్టుబడిన పెన్ను, బస్సు, మధ్యాహ్నం, ‘అంట’, గిన్నెల దగ్గరి ‘నువ్వు’, ఇవేవీ అందులో లేవు.

ఎర్ర పెన్ను పెట్టిన ఆమె, నేను నెలకు ఒకసారి, మొదటి శనివారం, పది పేజీలు మార్చుకోవాలని అనుకున్నాం. ఈ నెలవి పంపాను. ఆమెవి ఇంకా రాలేదు.